పెద్ద సంస్థ వెబ్‌సైట్లకు సీఎంఎస్ ఎంచుకోవడం ఎలా? లెక్క తీయడం నుంచి పాత సైటు ఆపేదాకా

"వర్డ్‌ప్రెస్ తీసుకోవాలా, డ్రూపల్ తీసుకోవాలా?" సీఎంఎస్ (వెబ్‌సైటులో పేజీలు రాసి, మార్చి, ప్రచురించే సాఫ్ట్‌వేర్) గురించి అడిగేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే మొదలుపెడతారు. ఈ మార్గదర్శిలో మాత్రం ఆ పోలిక ఆరో మెట్టుకు గానీ రాదు. కావాలనే అలా పెట్టాను. పది పేజీల సైటుకు ఏది తీసుకున్నా సర్దుకుపోవచ్చు. ఇరవై ముప్పై సైట్లు, వందమంది ఎడిటర్లు, వేల పేజీలు ఉన్న సంస్థ ఒకసారి తీసుకున్న సీఎంఎస్‌ను వదిలించుకోవాలంటే ఏళ్లు పడుతుంది.

ఒక్కరితో అయ్యే పని కాదిది. కనీసం నలుగురు కావాలి: రోజూ సైటులో రాసే ఎడిటర్ ఒకరు, డెవలపర్ ఒకరు, సెక్యూరిటీ చూసేవారు ఒకరు, డబ్బు మంజూరు చేయగల అధికారి ఒకరు. ఈ నలుగురిలో ఎప్పుడూ పిలవకుండా వదిలేసేది ఎడిటర్‌నే. ఆ తర్వాత రోజూ దానితో తంటాలు పడేదీ ఆ ఎడిటరే.

1. ఉన్నదంతా లెక్క తీయండి

మనకు ఎన్ని సైట్లు ఉన్నాయని అడిగితే ఒక్కో విభాగం ఒక్కో అంకె చెబుతుంది. ఎవరి జ్ఞాపకం మీదా ఆధారపడకండి. డొమైన్ల బిల్లులు, డీఎన్ఎస్ రికార్డులు (ఏ డొమైన్ పేరు ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పేవి), సెక్యూరిటీ సర్టిఫికెట్ల జాబితా మూడూ పక్కపక్కన పెట్టుకుంటే మర్చిపోయిన సైట్లు బయటపడతాయి. ఎప్పుడో జరిగిన సదస్సు కోసం తెరిచి అలాగే వదిలేసిన సబ్‌డొమైన్ ఒకటైనా కచ్చితంగా దొరుకుతుంది.

తర్వాత ఒక్కో సైటు మీద క్రాలర్ (పేజీలన్నీ తిరిగి జాబితా తీసే సాఫ్ట్‌వేర్) నడపండి. స్క్రీమింగ్ ఫ్రాగ్ అనే క్రాలర్ ఉచిత వెర్షన్ 500 యూఆర్ఎల్‌ల (పేజీ చిరునామాల) దగ్గర ఆగిపోతుంది కాబట్టి పెద్ద సైట్లకు లైసెన్సు కొనాల్సిందే. క్రాలర్ లింకులు పట్టుకుని వెళుతుంది. ఏ లింకూ లేని పేజీ దానికి కనపడదు. అందుకే సైట్‌మ్యాప్, సర్వర్ లాగులు, అనలిటిక్స్ నుంచి కూడా యూఆర్ఎల్‌లు తీసి ఆ జాబితాలో కలపండి.

స్ప్రెడ్‌షీట్‌లో ఉండాల్సిన గడులు:

- యూఆర్ఎల్, శీర్షిక, భాష
- ఏ విభాగానిది, ఇప్పుడు బాధ్యత ఎవరిది
- చివరిసారి మార్చిన తేదీ
- గత 12 నెలల్లో ఎంతమంది చూశారు
- ఏ రకం: ప్రకటన, సేవ వివరాలు, ఫారం, వార్త, పీడీఎఫ్
- నిర్ణయం: ఉంచాలి, సరిదిద్దాలి, మరో పేజీలో కలపాలి, తీసెయ్యాలి

చివరి గడి నింపడమే అసలు కష్టం. తీసేద్దామంటే ఎవరూ ఒప్పుకోరు, సరిదిద్దమంటే ఎవరూ ముందుకు రారు. బాధ్యత తీసుకునేవాళ్లు లేని పేజీలకు ఒక గడువు పెట్టి విభాగాలకు రాయండి. గడువులోపు జవాబు రాకపోతే ఆ పేజీ ఆర్కైవ్‌కు వెళుతుందని అందులోనే చెప్పండి. ఇక్కడ మొహమాటపడితే చెత్తనంతా డబ్బులిచ్చి కొత్త సైటులోకి మోయించుకున్నట్టే.

2. ఎడిటర్ల పక్కన కూర్చోండి

సర్వే ఫారాలు పంపి ఊరుకోకండి. నేను పనిచేసిన ఒక సంస్థలో ఫారం పంపితే అందరూ "బాగానే ఉంది" అని టిక్ పెట్టారు. తర్వాత ఒక ఎడిటర్ పక్కన గంటసేపు కూర్చున్నాను. ఆవిడ ప్రతి ప్రకటననూ వర్డ్‌లో రాసి, పీడీఎఫ్ చేసి, ఆ పీడీఎఫ్‌నే సైటులోకి ఎక్కిస్తున్నారు. ఎందుకని అడిగితే, "పేజీలో టేబుల్ పెడితే మొత్తం చెదిరిపోతుందండీ, ఇదైతే టెన్షన్ ఉండదు" అన్నారు. ఆ సైటులో వందల పీడీఎఫ్‌లు ఎందుకున్నాయో నాకు అప్పుడు అర్థమైంది. అంతకుముందు మేం రాసుకున్న అవసరాల పత్రంలో టేబుల్ అన్న మాటే లేదు.

అయిదారుగురి దగ్గర ఇలా కూర్చుంటే చాలు. గమనించాల్సినవి:

- ఒక వార్త రాయడం నుంచి ప్రచురించడం దాకా ఎన్ని చేతులు మారుతోంది
- ఆమోదం సీఎంఎస్‌లో జరుగుతోందా, ఈమెయిల్‌లోనా, ఫోన్‌లోనా
- ఎవరి పాస్‌వర్డ్ ఎవరు వాడుతున్నారు (సిగ్గుపడకుండా అడగండి, నిజం చెబుతారు)
- ఎక్కడ విసుక్కుంటున్నారు, ఎక్కడ అడ్డదారి తొక్కుతున్నారు

రోజూ రాసేవాళ్లను, మూడు నెలలకోసారి లాగిన్ అయ్యేవాళ్లను విడివిడిగా లెక్కపెట్టండి. పెద్ద సంస్థల్లో రెండో రకం వాళ్లే ఎక్కువ. శిక్షణలో నేర్పింది వాళ్లకు వచ్చేసారికి గుర్తుండదు. తెర మీద వాళ్లకు అవసరం లేని బటన్లు కనపడకుండా చేయగల సీఎంఎస్ కావాలన్న షరతు ఇక్కడి నుంచే పుడుతుంది.

3. కంటెంట్‌ను విడదీసి చూడండి

ఉద్యోగ ప్రకటన పేజీ ఒకటి తీసుకోండి. పదవి పేరు, ఖాళీలు, అర్హతలు, చివరి తేదీ, దరఖాస్తు ఫారం, ఏ విభాగం. చివరి తేదీ వేరే గడిలో ఉంటే గడువు దాటగానే ప్రకటన జాబితా నుంచి దానంతటదే తప్పుకుంటుంది. అదే తేదీ పేరా మధ్యలో ఉంటే ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని తీసెయ్యాలి. ఎవరూ గుర్తుపెట్టుకోరు.

విభాగాధిపతి పేరు నలభై పేజీల్లో ఉందనుకోండి. ఆయన బదిలీ అయిన రోజు నలభై చోట్ల మార్చాలా, ఒక్కచోట మారిస్తే సరిపోతుందా? ఈ ప్రశ్నకు జవాబు కంటెంట్ నమూనాలో, అంటే ఏ రకం కంటెంట్‌లో ఏ గడులుంటాయో చూపే పటంలో ఉంటుంది.

కాగితం మీదే గీయండి. ఒక్కో కంటెంట్ రకానికి ఒక పెట్టె, అందులో గడుల పేర్లు, పెట్టెల మధ్య గీతలు. చాలా సంస్థలకు డజను రకాలు మించవు. ముప్పై వచ్చాయంటే ఒకే రకాన్ని ఒక్కో విభాగం ఒక్కో పేరుతో పిలుస్తోందేమో చూడండి.

4. తప్పనిసరి షరతులు రాయండి, అవి మాత్రమే

మూడు వందల అంశాల పట్టిక తయారుచేసి వెండర్లకు (సీఎంఎస్ అమ్మే, కట్టిపెట్టే సంస్థలకు) పంపడం అలవాటైపోయింది. ప్రతి గడిలో "ఉంది" అనే వస్తుంది. ప్లగిన్‌తో (విడిగా చేర్చుకునే అదనపు సాఫ్ట్‌వేర్ ముక్కతో) వచ్చేదీ, డబ్బులిస్తే చేసిపెట్టేదీ, వచ్చే ఏడాది రాబోయేదీ అన్నీ వాళ్ల లెక్కలో ఉన్నట్టే. అందుకే లేకపోతే పక్కన పెట్టేసే షరతులే రాయండి. పది పన్నెండు చాలు.

- ఒకే లాగిన్: ఉద్యోగుల ఖాతాలతోనే సీఎంఎస్‌లోకి వెళ్లాలి. ఒకే లాగిన్‌కు వాడే ప్రమాణాలైన ఎస్ఏఎంఎల్ గానీ ఓపెన్ఐడీ కనెక్ట్ గానీ పనిచేయాలి. ఉద్యోగం మానేసినవారి ప్రవేశం ఆ రోజే ఆగిపోవాలంటే ఇది కావాలి.
- విభాగాలవారీ అనుమతులు: ఒక విభాగం ఎడిటర్ మరో విభాగం పేజీని ముట్టుకోకూడదు.
- ఆమోద క్రమం: రాసినవారు, చూసేవారు, ప్రచురించేవారు. అత్యవసర ప్రకటనకు దగ్గరి దారి కూడా ఉండాలి.
- మార్పుల చరిత్ర: ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో కనపడాలి. పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లగలగాలి.
- బహుళ సైట్లు: అన్ని సైట్లనూ ఒకేచోట నుంచి నడపగలగాలి.
- అందుబాటు ప్రమాణం: తయారయ్యే పేజీలు డబ్ల్యూసీఏజీ 2.2 (వికలాంగులు కూడా వాడగలిగేలా పేజీలు ఉండాలనే ప్రమాణం) ఏఏ స్థాయిని అందుకోవాలి. ఎడిటర్లు వాడే తెర కూడా కీబోర్డుతో, స్క్రీన్ రీడర్‌తో (తెర మీదిది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) పనిచేయాలి. దీనికి ఏటీఏజీ 2.0 అని వేరే ప్రమాణం ఉంది. దాని గురించి అడిగేవాళ్లు తక్కువ, అడగండి.
- ఎగుమతి: కంటెంట్, చిత్రాలు, వాటి వివరాలు మొత్తం వేరే సాఫ్ట్‌వేర్ చదవగల రూపంలో బయటికి రావాలి.

భాషల సంగతి కొంచెం విడిగా చెప్పాలి. అనువాదం ఉందా అని అడిగితే అందరూ ఉందనే అంటారు. అడగాల్సింది వేరు: మూల పేజీ మారినప్పుడు దాని అనువాదం పాతబడిందని సీఎంఎస్ చెబుతుందా? అనువాదం లేని పేజీ ఖాళీగా కనపడుతుందా, వేరే భాషలో కనపడుతుందా? యూఆర్ఎల్‌లు ఎలా తయారవుతాయో కూడా చూడండి. తెలుగు అక్షర సంకేతం ఒక్కోటి యూటీఎఫ్-8లో (అక్షరాలను కంప్యూటర్‌లో రాసే పద్ధతి) 3 బైట్లు, యూఆర్ఎల్‌లోకి మార్చి రాస్తే 9 అక్షరాలు. వర్డ్‌ప్రెస్‌లో శీర్షిక నుంచి తయారయ్యే యూఆర్ఎల్ ముక్కకు 200 అక్షరాలే చోటు. అంటే దాదాపు 22 సంకేతాల దగ్గర తెలుగు శీర్షిక తెగిపోతుంది. గుణింతాలు, ఒత్తులు కూడా సంకేతాలే కాబట్టి నాలుగైదు మాటలకే అయిపోతుంది. ఇలాంటిది వెండర్ బ్రోషర్‌లో కనపడదు, మీరే టైపు చేసి చూసుకోవాలి.

5. ఏ రకం సీఎంఎస్ కావాలో తేల్చుకోండి

పాత పద్ధతిలో రాసే తెర, చూపించే సైటు ఒకే సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి. హెడ్‌లెస్ పద్ధతిలో సీఎంఎస్ కంటెంట్‌ను భద్రపరచి ఏపీఐ (ఒక సాఫ్ట్‌వేర్ మరోదాని నుంచి సమాచారం తీసుకునే దారి) ద్వారా అందిస్తుంది, సైటును డెవలపర్లు వేరుగా కడతారు. రెండూ చేయగల మధ్యరకం కూడా ఉంది.

ఒకే కంటెంట్ వెబ్‌సైటుకూ, మొబైల్ యాప్‌కూ, ఇంకో వ్యవస్థకూ వెళ్లాలంటే, పైగా సొంత డెవలపర్లు పర్మనెంటుగా ఉంటే హెడ్‌లెస్ ఆలోచించండి. ఆ రెండూ లేకుండా ఫ్యాషన్ కోసం హెడ్‌లెస్‌కు వెళ్లిన సంస్థలో ముందు ఎడిటర్లు ఏడుస్తారు. ప్రచురించకముందు పేజీ ఎలా ఉంటుందో చూపించే ప్రివ్యూ అక్కడ ఊరికే రాదు, దాన్ని కూడా కట్టుకోవాలి. మెనూలో చిన్న మార్పుకు డెవలపర్ కోసం ఎదురుచూడాల్సి రావచ్చు. వెబ్‌సైట్లు మాత్రమే ఉన్న సంస్థకు పాత పద్ధతి గానీ మధ్యరకం గానీ చాలని నా అభిప్రాయం.

ఓపెన్ సోర్సా, లైసెన్సా అన్న వాదనలో ఒక సంగతి మర్చిపోతారు. ఓపెన్ సోర్స్‌లో లైసెన్సు రుసుము ఉండదు గానీ నడిపే మనుషులకు జీతం ఉంటుంది. లైసెన్సు కొన్నా ఆ మనుషుల్లో సగంమంది కావాల్సిందే.

6. ఇప్పుడు పేర్లు: మూడింటికి కుదించండి

మీ డెవలపర్లకు ఏ భాష వచ్చో అక్కడి నుంచి మొదలుపెట్టండి.

- పీహెచ్‌పీ: వర్డ్‌ప్రెస్, డ్రూపల్, టైపో3, జూమ్లా
- డాట్‌నెట్: అంబ్రాకో, సైట్‌కోర్
- జావా: అడోబీ ఎక్స్‌పీరియన్స్ మేనేజర్, లైఫ్‌రే, మాగ్నోలియా
- పైథాన్: వాగ్‌టెయిల్, ప్లోన్
- జావాస్క్రిప్ట్, హెడ్‌లెస్: స్ట్రాపీ
- సొంత సర్వర్ అక్కర్లేని హెడ్‌లెస్ సేవలు: కంటెంట్‌ఫుల్, శానిటీ

బహుళ సైట్లు అన్న మాట ఒక్కోచోట ఒక్కోలా పనిచేస్తుంది. వర్డ్‌ప్రెస్ మల్టీసైట్‌లో అన్ని సైట్లకూ ఒకే డేటాబేస్, ఒకే వాడుకరుల పట్టిక. డ్రూపల్ మల్టీసైట్‌లో కోడ్ ఒకటే అయినా సాధారణంగా ఒక్కో సైటుకు ఒక్కో డేటాబేస్. టైపో3, వాగ్‌టెయిల్ ఒకే పేజీల చెట్టులో అనేక సైట్లను కొమ్మల్లా పెడతాయి. సైట్ల మధ్య కంటెంట్ పంచుకోవాలంటే చెట్టు పద్ధతి హాయి. ఒక సైటు పడిపోయినా మిగతావి ఆగకూడదంటే విడి డేటాబేస్‌లు మేలు.

ఆ తర్వాత అప్‌గ్రేడ్ల చరిత్ర చూడండి. డ్రూపల్ 7 విడుదలైంది 2011 జనవరిలో, దానికి మద్దతు ఆగింది 2025 జనవరి 5న. మధ్యలో 2015 నవంబరులో వచ్చిన డ్రూపల్ 8 లోపలి నిర్మాణం పూర్తిగా మారిపోవడంతో 7 నుంచి 8కి వెళ్లడం దాదాపు సైటును మళ్లీ కట్టడమే అయింది. 8 నుంచి 9కి అంత కష్టం రాలేదు. ఏ సీఎంఎస్ గురించైనా అడగాల్సింది ఇదే: గత రెండు పెద్ద వెర్షన్ మార్పుల్లో వాడినవాళ్లు ఏం అనుభవించారు?

సెక్యూరిటీకి కూడా ఒక ఉదాహరణ. 2014 అక్టోబరు 15న డ్రూపల్ 7లో తీవ్రమైన లోపం ఒకటి బయటపెట్టి, దానికి ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) ఇచ్చారు. ప్రకటన వచ్చిన 7 గంటల్లోపు ప్యాచ్ వేయని సైట్లన్నీ హ్యాక్ అయ్యాయనే అనుకోమని ఆ బృందమే తర్వాత హెచ్చరించింది. ఇది డ్రూపల్‌ను తప్పుపట్టడానికి చెప్పడం లేదు, లోపాన్ని దాచకుండా చెప్పిన బృందం అది. మీ దగ్గర 7 గంటల్లో ముప్పై సైట్లకు ప్యాచ్ వేయగలవారు ఎవరు? పేరు చెప్పలేకపోతే ఆ పని ఒప్పందంలో ఎవరికో అప్పగించాలి.

7. డెమో మీ స్క్రిప్టు ప్రకారం జరగాలి

వెండర్ తెచ్చే డెమోలో అన్నీ అందంగానే ఉంటాయి. వాళ్ల చిత్రాలు, వాళ్ల పొట్టి శీర్షికలు, వాళ్ల చేతి వేగం. మీ కంటెంట్ నుంచి ఇరవై నిజమైన పేజీలు ముందే ఇవ్వండి. వాటిలో మీ దగ్గరున్న అతి పొడవైన శీర్షిక, అతి గజిబిజి టేబుల్ తప్పకుండా ఉండాలి. మౌస్ మాత్రం మీ ఎడిటర్ చేతిలో ఉండాలి, వెండర్ చేతులు కట్టుకుని కూర్చోవాలి.

చేయించాల్సిన పనులు:

1. వర్డ్ నుంచి టేబుల్‌తో సహా ఒక ప్రకటనను అతికించి ప్రచురణకు పంపడం
2. ఆమోదించే అధికారి దాన్ని ఫోన్‌లో చూసి, వ్యాఖ్య రాసి, వెనక్కి పంపడం
3. రేపు ఉదయం ప్రచురితమై, పది రోజుల తర్వాత తనంతట తప్పుకునేలా తేదీలు పెట్టడం
4. నలభై పేజీల్లో ఉన్న ఒక ఫోన్ నంబరు మార్చడం
5. పొరపాటున తొలగించిన పేజీని తిరిగి తేవడం
6. ఒక పేజీకి అనువాదం చేర్చి, మూలాన్ని మార్చి, ఏమవుతుందో చూడటం
7. ఆల్ట్ వచనం (చూడలేనివారికి చిత్రాన్ని వివరించే మాటలు) లేకుండా చిత్రం పెట్టబోతే సీఎంఎస్ ఆపుతుందా లేదా చూడటం

ఒక్కో పనికి ఎన్ని నిమిషాలు పట్టింది, ఎన్నిసార్లు సాయం అడిగారు అన్న రెండు అంకెలు రాసుకోండి. మార్కులు వేసేవాళ్లు డెమో అయిన వెంటనే, ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే వేయాలి. పెద్ద అధికారి "ఇది బాగుంది" అన్నాక గదిలో అందరికీ అదే బాగుంటుంది.

రెండు వారాల తర్వాత అదే ఎడిటర్లతో మొదటి పని మాత్రం మళ్లీ చేయించండి, ఏ సాయమూ లేకుండా. నన్నడిగితే మొత్తం ఎంపికలో అన్నిటికన్నా ఎక్కువ చెప్పే పరీక్ష ఇదే.

8. అయిదేళ్ల ఖర్చు వేయండి

మొదటి ఏడాది కొటేషన్లు పోల్చకండి. లైసెన్సు, హోస్టింగ్, డిజైన్, కంటెంట్ తరలింపు, శిక్షణ, ఏటా నిర్వహణ, ఒక పెద్ద వెర్షన్ అప్‌గ్రేడ్, చివర బయటపడే ఖర్చు అన్నీ అయిదేళ్లకు వేయండి. సేవగా అమ్మే సీఎంఎస్‌లలో వాడుకరుల సంఖ్య, భాషల సంఖ్య, ఏపీఐ కాల్స్ వంటి వాటికి పరిమితులుంటాయి. మూడో ఏట మీ ఎడిటర్ల సంఖ్య రెట్టింపైతే బిల్లు ఎంతవుతుందో ఇప్పుడే రాయించుకోండి.

9. సంతకానికి ముందు

- రాసిన కోడ్, థీమ్ ఎవరి సొత్తు? కోడ్ రిపాజిటరీ (కోడ్ భద్రపరిచే ఖాతా) సంస్థ పేరునే ఉండాలి.
- డొమైన్లు, క్లౌడ్ ఖాతాలు వెండర్ పేరున ఉంటే ముందు మార్చుకోండి.
- అత్యవసర ప్యాచ్‌కు గంటల్లో గడువు, మామూలు ప్యాచ్‌కు రోజుల్లో గడువు.
- బ్యాకప్ ఎప్పుడెప్పుడు తీస్తారు, దాన్నుంచి తిరిగి నిలబెట్టి చూపించే పరీక్ష ఏడాదికి ఎన్నిసార్లు.
- ఒప్పందం ముగిసినప్పుడు ఏమేం, ఏ రూపంలో, ఎన్ని రోజుల్లో అప్పగిస్తారు.

చివరిది పెళ్లినాడే విడాకుల మాట ఎత్తినట్టు ఉంటుందని చాలామంది దాటేస్తారు. సంతకం పెట్టాక ఆ మాట ఎత్తితే వినేవాళ్లుండరు.

10. ఒక సైటుతో తరలింపు మొదలుపెట్టండి

ముఖ్యమైన సైటు ముందు వద్దు, మరీ చిన్నదీ వద్దు. రెండు మూడు వందల పేజీలు, ఓపిక ఉన్న ఎడిటర్ ఉన్న సైటు చూసుకోండి.

మొదటి మెట్టులో చేసిన స్ప్రెడ్‌షీట్ ఇక్కడ పనికొస్తుంది. పక్కనే కొత్త యూఆర్ఎల్ గడి చేర్చండి. ప్రతి పాత యూఆర్ఎల్ దాని కొత్త పేజీకి 301తో (శాశ్వతంగా మారిందని చెప్పే సంకేతం) వెళ్లాలి. కావాలని తీసేసిన పేజీ 410 (ఇక లేదని చెప్పే సంకేతం) ఇవ్వాలి. దారి తెలియని వాటన్నిటినీ హోమ్ పేజీకి మళ్లించడం సోమరి పని. వెతుక్కుంటూ వచ్చినవారికీ కోపం వస్తుంది, సెర్చ్ ఇంజన్లూ దాన్ని పేజీ లేనట్టే లెక్కేస్తాయి.

క్రమం ఇలా ఉంటే ఇబ్బంది తక్కువ:

1. స్క్రిప్టుతో ఒకసారి మొత్తం కొత్త సైటులోకి దింపి చూడండి, తప్పులు రాసుకోండి, చెరిపేసి మళ్లీ దింపండి. రెండు మూడుసార్లు తప్పదు.
2. యూనికోడ్ కాని పాత ఫాంట్లలో టైపు చేసిన వచనం ఉంటే దింపకముందే మార్చుకోండి. మార్చాక మనిషి చదివి చూడాలి.
3. పేజీల్లోని లోపలి లింకులు పాత సైటుకే చూపుతున్నాయేమో క్రాలర్‌తో వెతకండి.
4. చివరి తరలింపుకు కొద్ది రోజుల ముందు పాత సైటులో మార్పులు ఆపండి. ఆ రోజుల్లో అత్యవసర ప్రకటన వస్తే రెండుచోట్లా వేసేవారి పేరు ముందే రాసిపెట్టండి.
5. ప్రారంభించిన రోజు నుంచి 404ల (పేజీ దొరకలేదన్న జవాబుల) లాగు రోజూ చూడండి. జాబితాలో లేని పాత యూఆర్ఎల్‌లు అక్కడే బయటపడతాయి.

11. ఎక్కువగా జరిగే తప్పులు, దిద్దుకునే దారి

ప్లగిన్ల గుట్ట. అడిగినవారికల్లా ఒక ప్లగిన్ వేస్తూ పోతే ఏడాదికి వాటిలో ఏది ఎందుకుందో ఎవరికీ తెలియదు. ప్రతి ప్లగిన్‌కూ ఒక బాధ్యుడు, ఒక కారణం రాసి ఉండాలి. చాలాకాలంగా అప్‌డేట్ లేనిదాన్ని తీసెయ్యండి.

సీఎంఎస్‌ను వంచడం. "మా ఆమోద క్రమంలో ఏడు అంచెలు" అని సాఫ్ట్‌వేర్ కోర్‌నే (అసలు కోడ్‌నే) మార్పించుకుంటారు. తర్వాతి అప్‌డేట్‌కు ఆ మార్పులు కొట్టుకుపోతాయి, లేదా అప్‌డేటే ఆగిపోతుంది. ఏడు అంచెల్లో నిజంగా పేజీని తిప్పి పంపుతున్నవి ఎన్నో లెక్క చూస్తే రెండో మూడో తేలతాయి. మిగతావి తీసెయ్యడం కోడ్ రాయడం కన్నా చవక.

అందరికీ అడ్మిన్ హక్కులు. మొదటి వారం హడావిడిలో ఇచ్చినవి అలాగే ఉండిపోతాయి. ప్రారంభమైన నెలకు అడ్మిన్ల జాబితా తీసి, వెండర్ ఖాతాలతో సహా, అవసరం లేనివి మూసెయ్యండి.

ఒకే రోజు శిక్షణ. ప్రారంభానికి నెల ముందు హాల్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పింది ఎవరికీ గుర్తుండదు. ఒక్కో పనికి ఒక పేజీ చొప్పున బొమ్మలతో సూచనలు రాసి, సీఎంఎస్ తెర మీదే ఆ పని పక్కన లింకు పెట్టండి.

పాత సైటును అలా వదిలేయడం. "ఎందుకైనా మంచిది, ఉండనీ" అని పాత సర్వర్‌ను నడుస్తూ ఉంచుతారు. ప్యాచ్‌లు ఆగిపోయిన ఆ సర్వర్ నుంచే లోపలికి దూరతారు. మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీలుగా ఒక కాపీ తీసి దాచుకోండి, డేటాబేస్ బ్యాకప్ ఒకటి తీయండి, అది తెరుచుకుంటోందో లేదో చూడండి, ఆపే తేదీని ప్రారంభ తేదీ పక్కనే క్యాలెండర్‌లో రాయండి.